నీలం చొక్కాతో ముక్కలాటకు

కోటును రెండు రోజుల ముందే కార్లో పెట్టేశాను. ఇంట్లో ఉంటే పోపు వాసన పడుతుందని భయం. అమెరికాలో అపార్ట్‌మెంట్ కాపురం చేసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వంటగదికీ హాలుకీ మధ్య గోడ ఉండదు, కోట్లు తగిలించే అర హాల్లోనే ఉంటుంది. ఇంగువ వేసి ఒక్క పోపు పెడితే చాలు, ఆ కోటు వారం పాటు మన వంట సంగతి ఊరంతా చెబుతూ తిరుగుతుంది. మన ముక్కుకు తెలియదు. లిఫ్టులో పక్కన నిలబడ్డవాడికి తెలుస్తుంది. వాడు ఏమీ అనడు. అనకపోవడంతోనే వస్తుంది చిక్కంతా.

2014 మార్చి 8, శనివారం. వర్జీనియా రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లో ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ ఆటకు గ్రాండ్ ప్రీ అనే పెద్ద పోటీ. మేం అప్పుడు వాషింగ్టన్ పక్కన హెర్న్‌డన్‌లో ఉండేవాళ్ళం. తెల్లవారుజామున బయల్దేరితే రెండు గంటల ప్రయాణం.

ఈ ఆట తెలియనివాళ్ళకు పేకాట భాషలో చెబుతాను. పేకాటలో ముక్కలు అందరికీ ఉమ్మడి. ఇక్కడ ఎవరి కట్ట వాళ్ళదే. వేల రకాల ముక్కల్లోంచి మనకు కావలసినవి కొనుక్కుని, ఏరుకుని, కనీసం 60 ముక్కలతో కట్ట కట్టుకోవాలి. ఆటకూ ఆటకూ మధ్య మార్చుకోవడానికి పక్కన ఇంకో 15 పెట్టుకోవచ్చు. ఇద్దరికీ చెరి 20 ప్రాణాలు. ఎదుటివాడి ప్రాణాలు సున్నా చేస్తే గెలిచినట్టు. 1993లో రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే లెక్కల మనిషి తయారుచేశాడు. పోకెమాన్ ముక్కలూ, యు-గి-ఓ ముక్కలూ దీని తర్వాత వచ్చినవే.

నాకు ఆఫీసులో అంటింది ఈ జబ్బు. మా టీంలో ఒక అమెరికన్ కుర్రాడు మధ్యాహ్నం భోజనాల వేళ కట్ట తీసేవాడు. ఏడాది తిరిగేసరికి నా సొరుగులో కూడా ఒక కట్ట. నాది ‘బర్న్’ అంటారు. అంటే తగలబెట్టడమే. పిడుగు వేస్తే మూడు ప్రాణాలు, లావా వేస్తే మూడు. పెద్ద తెలివి అక్కర్లేదు, పెద్ద ఖర్చు అంతకన్నా లేదు. అదే పోటీలో కొందరి కట్టల్లో ఒక్కో ముక్కే వంద డాలర్లకు పైన ఉండేది, అలాంటివి నాలుగేసి. మా ఆవిడకు ఆ ధర చెప్పలేదు. అమ్మకైతే అసలు పోటీ సంగతే చెప్పకూడదనుకున్నాను గానీ ఫోన్లో నోరు జారింది.

“ముక్కలాటా? మీ తాతయ్య అరుగు మీద ఆడింది చాల్లేదా నాన్నా?” అంది.

డబ్బు పెట్టి ఆడేది కాదమ్మా, ఇది వేరు, చదరంగంలాంటిది అని చెప్పాను. “అయితే చదరంగమే ఆడొచ్చుగా” అని ఫోన్ నాన్నకిచ్చేసింది.

తాతయ్య ముక్కలాట నాకు బాగా గుర్తు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద చాప. నలుగురూ బనియన్లు, లుంగీలు. ఒకాయన ఆ బనియను కూడా లేకుండా, భుజం మీద తువ్వాలుతో. వాళ్ళలో ఎవరికైనా లుంగీ పక్కకు తొలగితే వీధిలో పోయే ముసలమ్మ నడక కూడా ఆపకుండా “ఒరే, పంచె సద్దుకో” అనేసి వెళ్ళిపోయేది. ఆయన సర్దుకునేవాడు. ఆట సాగేది. అదే తాతయ్య పట్నంలో క్లబ్బుకు ఆడటానికి వెళ్ళినప్పుడు మాత్రం గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. అరుగుకు ఒక బట్ట, క్లబ్బుకు ఒక బట్ట. ముక్కలు అవే.

నాకు తెలియనిదల్లా రిచ్‌మండ్ అరుగా, క్లబ్బా అన్నది.

ఆఫీసు కుర్రాణ్ణి అడిగాను. “పైన ఒకటి వేసుకో, కావాలంటే విప్పేసేలా. హాల్లో పొద్దున చలి, మధ్యాహ్నం ఉక్క. నీళ్ళసీసా తెచ్చుకో. డియోడరెంట్ మర్చిపోకు” అన్నాడు. ఆఖరి మాట చెబుతూ నవ్వాడు. ఈ ఆట ఆడేవాళ్ళు స్నానం చేయరని అక్కడ పాత జోకు. ఆడేవాళ్ళే తమ మీద వేసుకునే జోకు. నాకది అప్పటికి తెలియదు. నాకు ఒక్కటే వినిపించింది: నా దగ్గర వాసన వస్తోందని చెబుతున్నాడు. ఆ సాయంత్రం చంకలో ముక్కు పెట్టి చూసుకున్నాను. మా ఆవిణ్ణి అడిగాను. “ఏం రావట్లేదండీ” అంది, పోపు వేస్తూ.

రూల్స్ కాగితాలు దించుకుని చదివాను. ముక్కలు ఎలా కలపాలి, ఎన్ని నిమిషాలు, మోసం చేస్తే ఏం శిక్ష, అన్నీ ఉన్నాయి. ఇది వేసుకో, అది వేసుకోకు అని నాకు ఎక్కడా కనబడలేదు. రూలు లేదంటే మనవాళ్ళకు ధైర్యం రాదు, టెన్షన్ వస్తుంది. రాసిపెట్టని రూలు ఏదో ఉండి తీరుతుందని మన నమ్మకం. చివరికి ఆఫీసుకు వేసుకునే నీలం చొక్కా, నల్ల ప్యాంటు, బెల్టు. “పేకాటకి ఇస్త్రీ చొక్కా ఏమిటండీ” అని మా ఆవిడ నవ్వింది. నవ్వుతూనే డబ్బాలో పులిహోర సర్దింది.

హాలు చూసి ఆగిపోయాను. గ్రేటర్ రిచ్‌మండ్ కన్వెన్షన్ సెంటర్. తిరుపతి క్యూ కాంప్లెక్సును విప్పి బల్లలేసి కూర్చోబెడితే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ పోటీకి వచ్చినవాళ్ళు 4,300 మందికి పైనే. పొడుగాటి బల్లలు, బల్ల నిండా ఇద్దరిద్దరు ఎదురెదురుగా, మోచేయి పక్కవాడి మోచేతికి తగులుతూ. నల్లచొక్కాల జడ్జీలు మధ్యలో తిరుగుతున్నారు. ఇస్త్రీ చొక్కా నా ఒక్కడిదే. రెండుసార్లు ఎవరో నన్ను ఆపి బాత్రూం ఎటు అని అడిగారు. సిబ్బంది అనుకున్నారు.

మిగిలినవాళ్ళ బట్టలంటే, టీషర్టు. టీషర్టు మీద టీషర్టు. మోకాళ్ళ దాకా నిక్కర్లు, మార్చి చలిలో. ఒకాయన పైజమా ప్యాంటుతోనే వచ్చాడు, దాని మీద బాతుల బొమ్మలు. ఎవరూ ఎవర్నీ చూడట్లేదు. వాళ్ళ దృష్టంతా ముక్కల మీదే. నేను మాత్రం అందర్నీ చూస్తున్నాను, అందరూ నన్ను చూస్తున్నారేమో అని చూస్తున్నాను.

ముందు కట్టలో ఏమేం ముక్కలున్నాయో కాగితం మీద రాసి ఇవ్వాలి. తర్వాత గోడ దగ్గర పేర్ల జాబితా అంటిస్తారు, ఇంటర్ రిజల్ట్స్ రోజు కాలేజీ బోర్డు ముందులాగే తోపులాట. పేరు ఎదురుగా బల్ల నంబరు. కూర్చున్నాక ఎవరి కట్ట వాళ్ళు కలుపుకుని ఎదుటివాడికి ఇవ్వాలి, అతను మళ్ళీ కలుపుతాడు. నా ముక్కలు అతని చేతిలో, అతనివి నా చేతిలో. రౌండుకు 50 నిమిషాలు, మూడు ఆటల్లో రెండు గెలవాలి. గంట కొట్టేసరికి తేలకపోతే ఇంకో ఐదు వంతులు ఇస్తారు. అయ్యాక చీటీ మీద ఇద్దరూ సంతకం. మొదటి రోజు ఇలాంటి రౌండ్లు తొమ్మిది. మూడోసారి ఓడితే రెండోరోజు ఆశ పోయినట్టే.

మొదటి రౌండు గెలిచాను. ఎదురుగా కూర్చున్నాయన చొక్కా మీద కెచప్ మరక, మాట మాత్రం మర్యాద. రెండో రౌండులో పన్నెండేళ్ళ పిల్లాడు నన్ను పది నిమిషాల్లో ఊడ్చేశాడు. వాళ్ళ నాన్న వెనక నిలబడి నాకు సారీ చెప్పాడు. మూడోది గెలిచాను. ఆకలేసింది. మెట్ల మీద కూర్చుని పులిహోర తిన్నాను. స్పూను ఉంది, అయినా చేత్తోనే. పులిహోర స్పూనుతో తింటే ఎక్కదు.

నాలుగో రౌండులో ఎదుటి కుర్రాడు నా కట్ట కలుపుతూ ఆగిపోయాడు. వేళ్ళు రుద్దుకుని చూసుకున్నాడు. ముక్కల్ని అందరూ ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టుకుంటారు, దాన్ని స్లీవ్ అంటారు. నా పైనున్న నాలుగైదు స్లీవులకు పసుపు జిడ్డు. చేతులు కడుక్కున్నాననే అనుకున్నాను, పేరుకి కడిగాను. కుర్రాడు చెయ్యెత్తి “జడ్జ్” అన్నాడు.

ఆ ఒక్క మాటకు నా చెవులు వేడెక్కిపోయాయి. ముక్కల మీద గుర్తులుంటే వెనక నుంచే ఏ ముక్కో పోల్చుకోవచ్చు, అది మోసం కింద లెక్క. జడ్జి వచ్చి, ముక్కలన్నీ తిప్పి చూసి, కావాలని చేసింది కాదని తేల్చుకుని, ఒక వార్నింగ్ రాసి, తర్వాతి రౌండులోపు స్లీవులు మార్చుకోమన్నాడు. అంతే. గొంతు పెంచలేదు, మొహం చిట్లించలేదు. స్లీవును ముక్కు దగ్గర పెట్టుకుంటాడేమోనని నేను గుడ్లప్పగించి చూశాను. పెట్టుకోలేదు. ఎదుటి కుర్రాడు మాత్రం “బాగుంది వాసన, ఏమిటది?” అని అడిగాడు. నిజంగా అడిగాడో, ఎగతాళి చేశాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. “నిమ్మకాయ అన్నం” అన్నాను. చింతపండు పులిహోరను నిమ్మకాయ అన్నం అన్నందుకు మా ఆవిడ ఇంకా క్షమించలేదు. ఆ రౌండు ఓడిపోయాను. కొట్లో కొత్త స్లీవులు కొని, 75 ముక్కలూ విప్పి మళ్ళీ తొడిగాను.

ఐదో రౌండులో ఎదురుగా ఒక అమ్మాయి. పాతికేళ్ళుంటాయి. అప్పటికి హాలు ఉక్కపోసి కుంపటిలా ఉంది, ఆమె మాత్రం మందపాటి హుడీ మెడ దాకా జిప్పు వేసుకుని ఉంది. ఆటల మధ్య ముక్కలు కలుపుతూ, ఉక్కగా లేదా అని మాటవరసకు అడిగాను. “ఉంది. కానీ నేను ముందుకు వంగినప్పుడు ఎదుటివాడు ముక్కలు చూడాలి కదా” అంది. ఏమనాలో తెలియక నేను నా ముక్కలు చూసుకున్నాను. ఆ తొమ్మిది రౌండ్ల పోటీకి బట్టలు ఆలోచించి వేసుకుని వచ్చినవాళ్ళు మా ఇద్దరమేనేమో. నాది ఎవరో ఏదో అనుకుంటారన్న ఊహ. ఆమెది ఊహ కాదు.

ఆరో రౌండు ఓడాక చీటీలో ‘డ్రాప్’ అని ఉన్న గడిలో టిక్కు పెట్టి లేచాను. ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. వరసల మధ్య తిరుగుతూ ఆటలు చూశాను. ఆడుతున్నప్పుడు ఎదుటివాడి మొహమే కనిపిస్తుంది. లేచి తిరిగితే వీపులు కనిపిస్తాయి. పొద్దుటి నుంచి మడతకుర్చీల్లో ముందుకు వంగి కూర్చున్న మనుషులు. ఆ కుర్చీలకు వీపు దగ్గర కింద ఖాళీ ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ టీషర్టు పైకి జరుగుతుంది, ప్యాంటు కిందికి జరుగుతుంది. చెప్పుకోడానికి సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను, ఒక వరస మొత్తం అలాగే ఉంది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే చెయ్యి వెనక్కి పోనిచ్చి నా చొక్కా టక్కులోనే ఉందా అని తడుముకున్నాను. సగం బయటికొచ్చి ఉంది.

వాళ్ళలో ఒకాయన నడివయసు మనిషి, బాగా లావు. పాపం సగానికి పైగా కనిపిస్తోంది. వెనక నుంచి వెళ్ళే కుర్రాళ్ళు మోచేతులతో పొడుచుకుంటున్నారు. నేను ఆయన వెనకాలే రెండు నిమిషాలు నిలబడ్డాను. చిన్న మాట. చెవి దగ్గర వంగి చెబితే సరిపోతుంది. ఆట మధ్యలో బయటివాడు మాట్లాడకూడదని రూలుంది, అది వంక. అసలు సంగతేమిటంటే, పసుపు స్లీవుల వాణ్ణి నేను, ఒంటి శుభ్రం గురించి ఇంకొకడికి చెప్పే మొహమా నాది అనిపించింది. చెప్పకుండా వచ్చేశాను.

రాత్రి ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది. ఆ రాత్రే గడియారాలు గంట ముందుకు జరిపే రాత్రి, నిద్రలో ఇంకో గంట కోత. తలుపు తీసిన మా ఆవిడ కోటు అందుకుని మొహం తిప్పుకుంది. “ఇదేం వాసనండీ?” చెమట, పిజ్జా, కొత్త ప్లాస్టిక్, వేలమంది ఊపిరి. నా ముక్కుకు ఏమీ తెలియట్లేదు. కోటును బాల్కనీలో ఆరేసింది, రెండు రోజులు.

వారం గడవకముందే ఆ ఫోటోలు వచ్చాయి. పోటీకి వచ్చినవాళ్ళలోనే ఒకతను ప్యాంటు జారిన మనుషుల వెనకాల నిలబడి, చేతులు జోడించి, దేవుడి ముందు నిలబడ్డంత గంభీరంగా మొహం పెట్టి, ఒక్కొక్కరి పక్కనా ఫోటో తీయించుకున్నాడు. అవి ఇంటర్నెట్లో పెట్టాడు. రోజుల్లో ఈ ఆట సంగతే తెలియనివాళ్ళ దాకా వెళ్ళిపోయాయి. ఆఫీసులో మా కుర్రాడు స్క్రీను నా వైపు తిప్పాడు. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాను. అబద్ధం చెప్పను, బాగా తీశాడు. రెండోసారి చూసినప్పుడు మాత్రం ఫోటోల్లో మనుషుల్ని చూడలేదు. అంచులు చూశాను, నీలం చొక్కా ఎక్కడైనా ఉందా అని. ఒకదాంట్లో వెనకగా ఒక నీలం మచ్చ ఉంది. నేను కాదు, చేతులు వేరు. అయినా దాన్ని పెద్దది చేసి చూశాను.

ఆ ఫోటోలు తీసినతనికి 18 నెలలు పోటీల నుంచి నిషేధం వేశారు. ఆఫీసులో దీని మీద పెద్ద వాదన. మంచి పని చేశాడు, ఇక మీదట బెల్టులు పెట్టుకుంటారు అని ఒకడు. అడక్కుండా ఫోటో తీసి నవ్వులపాలు చేయడమేమిటి, మొహాలు కనబడకపోతే మాత్రం తమ వీపు తమకు తెలియదా అని ఇంకొకడు. నేను రెండోవాడి పక్కనే మాట్లాడాను, గట్టిగానే. ఆ లావుపాటాయన వెనకాల రెండు నిమిషాలు నిలబడి వచ్చేశానని మాత్రం చెప్పలేదు. ఫోటోలు తీసినతను కనీసం వాళ్ళను చూశానని ఒప్పుకున్నాడు, అదొకటి. మా తాతయ్య వీధిలో ముసలమ్మ ఒక్కతి ఆ హాల్లో ఉంటే ఫోటోలకు పనే ఉండేది కాదు.

తర్వాత కొన్నేళ్ళకు యు-గి-ఓ వాళ్ళు తమ పోటీల నియమాల్లో రాసే పెట్టారు, ఒళ్ళూ బట్టలూ శుభ్రంగా ఉండాలని, లేకపోతే శిక్ష ఉంటుందని. పాత జోకు రూలయింది. చదివి నాకు ఊరట కలగాలి నిజానికి, రాసిపెట్టిన రూలు కాబట్టి. కానీ నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటంటే, ఏది వాసనో తేల్చేది ఎవరు? పది రోజులుగా ఉతకని టీషర్టు సరే. ఇంగువ పట్టిన కోటు? కొబ్బరినూనె తల?

అమ్మ చెప్పిన చదరంగంలోనూ ఈ గొడవ ఉందని 2024 డిసెంబరులో తెలిసింది. న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ పోటీలు, అంటే త్వరగా ముగిసే చదరంగం. మన కోనేరు హంపి ఆడుతోందని రోజూ చూస్తున్నాను. మధ్యలో నార్వే ఆటగాడు మాగ్నస్ కార్ల్‌సన్ జీన్స్ వేసుకొచ్చాడని 200 డాలర్ల జరిమానా వేశారు. మార్చుకు రమ్మంటే ఆ రోజుకు మార్చనన్నాడు, ర్యాపిడ్ వదిలేసి వెళ్ళిపోయాడు. నిర్వాహకులు కాస్త పట్టు సడలించాక ఇంకా త్వరగా ముగిసే బ్లిట్జ్ పోటీకి తిరిగొచ్చాడు, జీన్స్‌తోనే. అక్కడే హంపి రెండోసారి మహిళల ప్రపంచ ర్యాపిడ్ విజేత అయింది, మొదటిది 2019లో. మరుసటి రోజుల్లో నన్ను పలకరించినవాళ్ళంతా జీన్స్ సంగతే మాట్లాడారు. అమ్మ ఒక్కతే హంపి గురించి అడిగింది. “చూశావా, చదరంగం ఆడమన్నాను” అంది.

నేను ఇప్పటికీ ఆడతాను. గ్రాండ్ ప్రీ లాంటి పెద్ద పోటీల్లో కాదు, ఊళ్ళో చిన్న కొట్లో, శుక్రవారం రాత్రుళ్ళు. టీషర్టే వేసుకుంటాను, కాస్త పొడుగుది. బెల్టు తప్పదు. పులిహోర తినను, తిన్నా సబ్బుతో రెండుసార్లు. కోటు మాత్రం ఇంకా కార్లోనే ఉంటుంది.

మొన్నొక శుక్రవారం పక్క బల్ల దగ్గర ఇరవయ్యేళ్ళ కుర్రాడు. నేను నీళ్ళకని లేచి వస్తుంటే కనబడింది, రిచ్‌మండ్‌లో చూసినట్టే. ఈసారి ఆగాను. వాళ్ళ ఆట అయ్యేదాకా ఆగి, వంగి, మెల్లగా చెప్పాను, ప్యాంటు కాస్త జారింది బాబూ అని.

తల ఎత్తలేదు. “తెలుసు” అన్నాడు, ముక్కలు కలుపుతూనే. “బెల్టు తెగింది. మీ బల్ల దగ్గర టైం అయిపోతోంది, చూసుకోండి.”

వెళ్ళి చూసుకుంటే నిజంగానే రెండు నిమిషాలు మిగిలాయి.